తలలోంచి దూసుకెళ్లిన ఇనుప కడ్డీ.. అయినా లేచి నడిచాడు! ఆ తర్వాత దాదాపు 12 ఏళ్లు బతికిన ఫినియస్ గేజ్ కథ ఇదీ

యాక్సిడెంట్ అయింది. తలకు గట్టి దెబ్బ తగిలింది. ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది. నెల తిరక్కుండా మనిషి లేచి నడుస్తున్నాడు, తింటున్నాడు, అందర్నీ గుర్తుపడుతున్నాడు. చూడ్డానికి వచ్చిన చుట్టాలంతా దేవుడి దయ అనుకుని వెళ్లిపోతారు. కానీ ఇంట్లో భార్యకో, తల్లికో మాత్రమే తెలుస్తుంది.. ఆస్పత్రికి వెళ్లిన మనిషి, తిరిగొచ్చిన మనిషి ఒకరు కాదని. చిన్నదానికే కోపం, ఏ పనీ చివరిదాకా చేయకపోవడం, నోటికి ఏదొస్తే అది అనేయడం. ఇదంతా కావాలని చేస్తున్నాడని కొందరు, గాలి సోకిందని ఇంకొందరు అంటుంటారు.

అసలు సంగతి మెదడులో ఉంది. ఈ విషయం ప్రపంచానికి చెప్పిన వ్యక్తి డాక్టర్ కాదు, సైంటిస్ట్ కాదు. రైలు పట్టాల కోసం బండలు పేల్చే ఓ మేస్త్రీ. పేరు ఫినియస్ గేజ్. ఆయన చనిపోయి 160 ఏళ్లు దాటినా, ఇప్పటికీ మెడికల్ కాలేజీల్లో మెదడు పాఠం చెప్పేటప్పుడు ఆయన పేరు రాకుండా ఉండదు. వివరాల్లోకి వెళ్తే..

గేజ్ 1823లో అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో పుట్టాడు. అమ్మానాన్నలకు ఐదుగురు పిల్లలు, అందరిలో ఈయనే పెద్ద. 25 ఏళ్లు వచ్చేసరికి రైల్వే కాంట్రాక్టర్ల దగ్గర ఫోర్‌మన్ అయ్యాడు. మనిషి దృఢంగా ఉండేవాడు. పని చెబితే పూర్తిచేసేదాకా వదిలేవాడు కాదు. కూలీలతో మాట పడేవాడు కాదు, డబ్బు లెక్కల్లో తేడా రానిచ్చేవాడు కాదు. తమ దగ్గరున్న ఫోర్‌మన్లలో ఇతనే బెస్ట్ అని కాంట్రాక్టర్లు అనుకునేవారట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

సెప్టెంబర్ 13, 1848.. సాయంత్రం నాలుగున్నర

వెర్మాంట్ రాష్ట్రంలో కావెండిష్ అనే ఊరి దగ్గర రట్లాండ్ అండ్ బర్లింగ్టన్ రైల్వే లైన్ పనులు జరుగుతున్నాయి. దారికి అడ్డొచ్చిన బండలను పేల్చాలి. మన క్వారీల్లో పని చూసినవాళ్లకు ఈ పద్ధతి తెలిసే ఉంటుంది. బండలో లోతుగా రంధ్రం వేస్తారు. అందులో మందు పోస్తారు, వత్తి పెడతారు. పైన ఇసుక వేసి, ఇనుప కడ్డీతో గట్టిగా కూరతారు. ఇసుక ఎందుకంటే.. పేలుడు శక్తి పైకి తన్నకుండా బండలోకి పోవడానికి. ఇంకో కారణం కూడా ఉంది. ఇసుక లేకపోతే ఇనుము బండకు రాసుకుని నిప్పురవ్వ పుడుతుంది.

గేజ్ తన కడ్డీని ఓ కమ్మరి దగ్గర ప్రత్యేకంగా చేయించుకున్నాడు. పొడవు 3 అడుగుల 7 అంగుళాలు. మందం అంగుళంపావు. బరువు 6 కిలోలు. ఒక కొస ఈటెలా సన్నగా ఉంటుంది. మన గడ్డపారను ఊహించుకుంటే సరిపోతుంది, కాకపోతే ఇంకా నున్నగా ఉంటుంది.

ఆ సాయంత్రం వెనకాల పనిచేస్తున్న కూలీల వైపు గేజ్ ఒక్క క్షణం తల తిప్పాడు. రంధ్రంలో మందు ఉంది, ఇసుక ఇంకా పడలేదు. చేతిలో కడ్డీ బండకు తగిలింది. నిప్పురవ్వ లేచింది. అంతే.. ఢాం!

కడ్డీ తుపాకీ గుండులా పైకి లేచింది. ఎడమ దవడ పక్కనుంచి లోపలికి దూరి, ఎడమ కన్ను వెనకగా వెళ్లి, మెదడు ముందు భాగాన్ని చీల్చుకుంటూ నడినెత్తి దగ్గర బయటికొచ్చింది. దాదాపు 80 అడుగుల దూరంలో పడింది. ఏరుకొచ్చినవాళ్లకు దాని నిండా రక్తం, మెదడు ముద్దలు కనిపించాయి.

గేజ్ వెల్లకిలా పడ్డాడు. కాళ్లూచేతులూ కొట్టుకున్నాయి. అయిపోయిందనే అందరూ అనుకున్నారు. కానీ కొద్ది నిమిషాల్లోనే ఆయన మాట్లాడాడు! తోటివాళ్లు పట్టుకుంటే లేచి నడిచాడు. ఎద్దులబండిలో కూర్చుని ముప్పావు మైలు ప్రయాణించి, తానుండే సత్రం దాకా వెళ్లాడు. అరగంట తర్వాత డాక్టర్ ఎడ్వర్డ్ విలియమ్స్ వచ్చేసరికి గేజ్ బయట కుర్చీలో కూర్చుని, డాక్టర్‌గారూ మీకు బోలెడు పని తెచ్చానన్న ధోరణిలో పలకరించాడట. తలలోంచి కడ్డీ వెళ్లిందంటే ఆ డాక్టర్ మొదట నమ్మలేదు. అంతలో గేజ్‌కు వాంతి వచ్చింది. ఆ ఒత్తిడికి నెత్తిమీది రంధ్రంలోంచి అర టీకప్పు మెదడు కింద పడింది. ఇక నమ్మక ఏం చేస్తాడు?

శవపెట్టె కూడా రెడీ చేశారు!

సాయంత్రం ఆరు గంటలకు డాక్టర్ జాన్ మార్టిన్ హార్లో వచ్చి కేసు చేతుల్లోకి తీసుకున్నాడు. వయసు 28. పల్లెటూరి డాక్టర్. ఇలాంటి గాయం ఆయనే కాదు, అప్పటికి ఎవరూ చూసి ఉండరు. అప్పుడు యాంటీబయాటిక్స్ లేవు, ఎక్స్‌రే లేదు. క్రిముల వల్ల గాయాలు కుళ్లుతాయన్న సంగతి కూడా వైద్యులకు తెలియని రోజులవి.

అయినా హార్లో చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తల గొరిగి, విరిగిన ఎముక ముక్కలు తీసేశాడు. లోపల ఇంకేమైనా ఉందేమోనని పైనుంచి ఒక వేలు, దవడ కింది నుంచి ఇంకో వేలు పెట్టి వెతికాడు. నెత్తిమీది గాయాన్ని పూర్తిగా మూసేయకుండా, లోపలి నీరు, రక్తం బయటికి పోయేలా వదులుగా కట్టు కట్టాడు. తల ఎత్తులో ఉండేలా పడుకోబెట్టాడు.

గేజ్ బతకడానికి ఇదే పెద్ద కారణమని చాలామంది నిపుణులు అంటారు. ఎందుకంటే పుర్రె అనేది మూతపెట్టిన డబ్బా లాంటిది. దెబ్బ తగిలితే శరీరంలో ఏ భాగమైనా వాస్తుంది. చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది. మెదడు వాస్తే ఎముక సాగదు కదా. లోపల ఒత్తిడి పెరిగి, రక్తం అందక, మిగిలిన మంచి మెదడు కూడా దెబ్బతింటుంది. ఈరోజుల్లో న్యూరోసర్జన్లు కొన్ని కేసుల్లో పుర్రెలో కొంత ఎముక తీసి పక్కన పెట్టడం మీరు వినే ఉంటారు. ఆ ఒత్తిడి తగ్గించడానికే. గేజ్‌కు ఆ దారిని కడ్డీయే చేసింది, హార్లో దాన్ని మూయకుండా ఉంచాడు.

కానీ పది రోజులకు ఇన్ఫెక్షన్ ముదిరింది. గేజ్ స్పృహ తప్పే స్థితికి వెళ్లాడు. పిలిస్తే ఒకటి రెండు ముక్కల్లో మాత్రమే జవాబు. ఇంటివాళ్లు, స్నేహితులు ఆశ వదులుకున్నారు. శవపెట్టె, వేయాల్సిన బట్టలు సిద్ధం చేశారు. హార్లో మాత్రం వదల్లేదు. గాయంలోంచి పెరిగిన కండను కోసేశాడు. చర్మం కింద పట్టిన చీముగడ్డను కత్తితో కోసి చీము బయటికి తీశాడు. అక్టోబర్ మొదటి వారం దాటేసరికి గేజ్ మంచం దిగి అడుగు వేశాడు. నవంబర్ 25న, అంటే ప్రమాదం జరిగిన పదో వారం చివరికి, సొంతూరికి వెళ్లిపోయాడు. ఎడమ కన్ను చూపు పోయింది, రెప్ప వాలిపోయింది. నెత్తిమీద పెద్ద మచ్చ మిగిలింది.

సాధారణంగా అద్భుతం అని చెప్పే కథలు ఇక్కడ ముగుస్తాయి. గేజ్ కథలో అసలు ట్విస్ట్ ఇక్కడ్నుంచే మొదలవుతుంది.

మనిషి అదే.. కానీ మనిషి అతను కాదు

ఒంట్లో బలం వచ్చాక గేజ్ పాత ఉద్యోగం అడిగాడు. ఒకప్పుడు బెస్ట్ ఫోర్‌మన్ అన్న కాంట్రాక్టర్లే ఇవ్వలేమన్నారు. చెయ్యి పడిపోలేదు, మాట పడిపోలేదు, జ్ఞాపకశక్తి బాగానే ఉంది. మరి ఏం మారింది?

హార్లో తర్వాత రాసిన దాని ప్రకారం.. మంచి మర్యాద తెలిసిన మనిషి బూతులు మాట్లాడటం మొదలుపెట్టాడు. తోటివాళ్లంటే లెక్కలేదు. తన కోరికకు అడ్డొచ్చే సలహా ఎవరిచ్చినా సహించేవాడు కాదు. ఒకసారి మొండిపట్టు, మరోసారి నిలకడలేనితనం. రేపు ఏం చేయాలో పది ప్లాన్లు వేసేవాడు, ఒక్కటీ మొదలుపెట్టకముందే ఇంకోదానికి మారేవాడు. పిల్లాడి బుర్ర, బలమైన మగవాడి కోరికలు కలిసినట్టుగా ఉందని డాక్టర్ అభిప్రాయం. ఆయనకు తెలిసినవాళ్లు ఇతను పాత గేజ్ కాడని తేల్చేశారు.

ఓ చిన్న సంఘటన చూడండి. ఏటి ఒడ్డున ఏరుకున్న కొన్ని గులకరాళ్లు గేజ్ దగ్గర ఉన్నాయి. వాటిని 1,000 డాలర్లకు ఇస్తావా అని హార్లో పరీక్షగా అడిగాడు. గేజ్ ఇవ్వనన్నాడు! డబ్బు లెక్కలో పక్కాగా ఉండే మనిషికి, ఏ వస్తువు విలువ ఎంతో తూచుకునే శక్తి తగ్గిపోయింది.

కారణం.. కడ్డీ చీల్చుకుంటూ వెళ్లిన చోటు. నుదుటి వెనకాల ఉండే భాగాన్ని ఫ్రంటల్ లోబ్ అంటారు. నడక, చూపు, వినికిడి దీని ముందు భాగం మీద నేరుగా ఆధారపడవు. అందుకే అవి పోలేదు. ముందుచూపు, ఓర్పు, ఒక పని అనుకుని పూర్తిచేయడం, ఎదుటివాడి ముందు నోరు అదుపులో పెట్టుకోవడం.. ఇవన్నీ చూసుకునేది ఈ భాగమే. బండికి ఇంజిన్ బాగానే ఉంది, బ్రేకు, స్టీరింగ్ దెబ్బతిన్నాయి అనుకోండి. బయటికి బండి బాగానే కనిపిస్తుంది.

ఇప్పుడు మన రోడ్ల మీద జరిగే ప్రమాదాలకు వద్దాం. ఎవరి తలలోంచీ కడ్డీ వెళ్లదు. కానీ బైక్ మీంచి పడి తల రోడ్డుకు కొట్టుకున్నప్పుడు పుర్రె ఆగిపోతుంది, లోపల మెత్తగా ఉండే మెదడు మాత్రం ఊగిపోయి ఎముకకు గుద్దుకుంటుంది. నుదుటి వెనకాల, కణతల దగ్గర పుర్రె లోపలి వైపు గరుకుగా, అంచులు తేలి ఉంటుంది. అందుకే దెబ్బ ఎక్కడ తగిలినా ఫ్రంటల్ లోబ్, దాని పక్క భాగాలు తరచుగా నలుగుతాయి. పైగా మెదడు మెలితిరిగినప్పుడు లోపలి సన్నని నరాల తీగలు సాగి తెగిపోవచ్చు. ఇలాంటివి మామూలు సీటీ స్కాన్‌లో కనపడకపోవచ్చు కూడా. స్కాన్ నార్మల్ అని రిపోర్ట్ వచ్చింది, ఇతనికి ఏమైంది ఇలా చేస్తున్నాడు అని ఇంట్లో గొడవలు అయ్యేది ఇక్కడే.

ఇంకో విషయం. గేజ్ పడిన వెంటనే లేచి మాట్లాడాడు కదా. తలకు దెబ్బ తగిలినవాడు లేచి మాట్లాడినంత మాత్రాన ప్రమాదం దాటినట్టు కాదు. కొందరిలో పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం మెల్లగా చేరుతుంది. గంట రెండు గంటలు మనిషి బాగానే ఉండి, తర్వాత కుప్పకూలుతాడు. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మత్తుగా నిద్రలోకి జారుతున్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, ముక్కులోంచో చెవిలోంచో రక్తం లేదా నీరులాంటిది కారినా ఒక్క నిమిషం ఆగకుండా 108కు ఫోన్ చేయాలి. పడుకుంటే తగ్గిపోతుందని వదిలేయకూడదు.

షోలో కనిపించిన గేజ్.. గుర్రాలతో మారిన జీవితం

మళ్లీ కథలోకి వద్దాం. హార్లో 1848 డిసెంబర్‌లోనే ఈ కేసును బోస్టన్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. పల్లెటూరి డాక్టర్ కోతలు కోస్తున్నాడని పెద్ద పెద్దవాళ్లు కొట్టిపారేశారు. 1849 చివర్లో హార్వర్డ్ సర్జరీ ప్రొఫెసర్ హెన్రీ జాకబ్ బిగెలో, గేజ్‌ను బోస్టన్‌కు పిలిపించుకుని స్వయంగా పరీక్షించి, వైద్యుల సభలో చూపించాడు. కడ్డీ వెళ్లింది నిజమేనని అప్పుడు నమ్మారు. కానీ ఆయన చూసింది శరీరం, తెలివి. ప్రవర్తన మీద దృష్టి పెట్టలేదు. అన్ని విధాలా కోలుకున్నాడని రాసేశాడు. పాత గేజ్‌ను ఆయన చూసి ఉండలేదు కదా, తేడా ఎలా తెలుస్తుంది? ఇప్పటి డాక్టర్లు పేషెంట్‌తో పాటు ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగేది అందుకే.

ఆ తర్వాత గేజ్ తన కడ్డీతో పాటు జనం ముందుకొచ్చాడు. న్యూయార్క్‌లోని బార్నమ్ మ్యూజియంలో కొన్నాళ్లు కనిపించాడని హార్లో రాశాడు. తర్వాత న్యూ హ్యాంప్‌షైర్‌లోని హానోవర్‌లో ఓ గుర్రాలశాలలో ఏడాదిన్నర పనిచేశాడు. 1852లో ఏకంగా దక్షిణ అమెరికాలోని చిలీ దేశానికి ఓడెక్కాడు. అక్కడ వాల్పరైసో - శాంటియాగో మధ్య గుర్రపు బండి డ్రైవర్‌గా ఏడేళ్ల దాకా ఉన్నాడు.

చాలా పుస్తకాలు ఈ భాగాన్ని ఒక్క లైన్‌లో దాటేస్తాయి. తాగుబోతై, పనీపాటా లేకుండా తిరిగి చచ్చాడని కొన్ని రాశాయి. దానికి ఆధారం లేదు. నిజానికి ఇదే గేజ్ జీవితంలో ముఖ్యమైన ఘట్టం. ఆరు గుర్రాలు కట్టిన బండి నడపడం అంటే మాటలు కాదు. చీకటితోనే లేవాలి. గుర్రాలకు మేత, నీళ్లు చూడాలి. సామాను ఎక్కించాలి. ప్రయాణికులతో మర్యాదగా ఉండాలి. భాష రాని దేశంలో, కొండ దారుల్లో, ఒక్కో గుర్రాన్ని ఒక్కో పగ్గంతో అదుపు చేయాలి. ముందుచూపు, ఓర్పు పూర్తిగా పోయిన మనిషి ఇది ఏళ్ల తరబడి చేయగలడా? చిలీలో ఆయన్ను ఎరిగిన ఓ డాక్టర్ కూడా గేజ్ ఆరోగ్యంగా ఉన్నాడని, బుర్రలో లోపమేమీ కనిపించలేదని చెప్పినట్టు తర్వాత రికార్డుల్లో బయటపడింది.

గేజ్ జీవితంపై ఏళ్ల తరబడి పరిశోధన చేసిన ఆస్ట్రేలియా సైకాలజిస్ట్ మాల్కం మాక్మిలన్ దీనికి ఒక వివరణ ఇచ్చారు. రోజూ అదే టైమ్, అదే దారి, అదే వరసలో పనులు. బయటి నుంచి వచ్చిన ఆ క్రమశిక్షణ, లోపల పోయిన అదుపు స్థానంలో నిలబడిందని ఆయన వాదన. తలకు దెబ్బ తగిలినవాళ్లకు ఈరోజు రీహాబిలిటేషన్ సెంటర్లలో చేయించేది కూడా చాలావరకు ఇదే. రోజుకో టైమ్‌టేబుల్, పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టడం, ఒక్కొక్కటీ పూర్తయ్యాకే ఇంకోటి. దెబ్బతిన్న మెదడు కణాలు మళ్లీ పుట్టకపోయినా, మిగిలిన భాగాలు కొత్తదారులు నేర్చుకుంటాయి. దానికి నెలలు కాదు, ఏళ్లు పట్టవచ్చు. మనవైపు ఆపరేషన్‌కు అప్పుచేసి మరీ లక్షలు కట్టే కుటుంబాలు, డిశ్చార్జ్ అయ్యాక ఈ సంగతి చెప్పేవాళ్లు లేక ఆగిపోతుంటాయి. ఫిజియోథెరపీ గురించి అడుగుతారు, ప్రవర్తన గురించి అడగరు.

చివరి రోజులు

1859లో ఆరోగ్యం దెబ్బతిని గేజ్ శాన్‌ఫ్రాన్సిస్కోకు చేరాడు. అప్పటికి తల్లి, చెల్లెలి కుటుంబం అక్కడ ఉంటున్నారు. కాస్త కోలుకోగానే ఊరికే కూర్చోలేక శాంటా క్లారాలో పొలం పనికి వెళ్లాడు. 1860 ఫిబ్రవరిలో ఓరోజు భోజనం చేస్తుండగా ఫిట్స్ వచ్చాయి. ప్రమాదం జరిగిన పదకొండేళ్ల తర్వాత! ఆశ్చర్యంగా అనిపించినా, మెదడుపై మిగిలిన మచ్చ ఏళ్ల తర్వాత కూడా ఫిట్స్‌కు కారణం కావచ్చు. పుర్రె చీల్చుకుని మెదడు దెబ్బతిన్నవాళ్లలో ఈ రిస్క్ ఇంకా ఎక్కువ. ఇప్పుడు దానికి మందులున్నాయి, అప్పుడు లేవు. ఫిట్స్ వరసగా వచ్చాయి. 1860 మే 21న గేజ్ చనిపోయాడు. వయసు 36.

ఈ సంగతి హార్లోకు తెలియనే తెలియదు. 1866లో తల్లి అడ్రస్ దొరికి ఉత్తరం రాస్తే విషయం తెలిసింది. పోస్ట్‌మార్టం జరగలేదని బాధపడి, ఓ కోరిక కోరాడు. కొడుకు పుర్రె సైన్స్ కోసం ఇస్తారా అని. ఆ తల్లి ఒప్పుకుంది. ఏ తల్లికైనా అది చిన్న నిర్ణయం కాదు. 1867లో సమాధి తవ్వి, పుర్రెను, ఆయన ఎప్పుడూ వెంట ఉంచుకున్న కడ్డీని హార్లోకు పంపించారు. మరుసటి ఏడాది, అంటే ప్రమాదం జరిగిన ఇరవై ఏళ్లకు, మనిషి స్వభావం ఎలా మారిందో హార్లో బయటపెట్టాడు. మెదడులో ఏ భాగం ఏ పని చేస్తుందన్న పెద్ద చర్చ నడుస్తున్న టైమ్ అది. 1878లో లండన్‌లో డేవిడ్ ఫెరియర్ ఉపన్యాసాల్లో గేజ్ కేసే కీలకమైంది.

1994లో హన్నా డమాసియో బృందం కంప్యూటర్‌లో ఆ పుర్రెకు మోడల్ చేసి, రెండువైపులా ఫ్రంటల్ లోబ్స్ దెబ్బతిన్నాయని చెప్పింది. 2004లో సీటీ స్కాన్‌తో చూసిన మరో బృందం ఎడమవైపే దెబ్బ ఉందని తేల్చింది. 2012లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసి, పోయిన భాగం కంటే తెగిపోయిన కనెక్షన్లే ఎక్కువ నష్టం చేసి ఉంటాయన్నారు.

ఇంకో ఆసక్తికరమైన విషయం. గేజ్ ఎలా ఉంటాడో చాలాకాలం ఎవరికీ తెలియదు. అమెరికాలో ఓ దంపతుల దగ్గర ఒంటికన్ను కుర్రాడి పాత ఫొటో 30 ఏళ్లుగా ఉంది. చేతిలో ఉన్నది తిమింగలాల్ని వేటాడే ఈటె అనుకున్నారు. ఇంటర్నెట్‌లో పెడితే, అది ఈటె కాదని ఒకరు, ఆ కుర్రాడు ఫినియస్ గేజ్ కావచ్చని మరొకరు చెప్పారు. కడ్డీ మీద చెక్కిన అక్షరాలు సరిపోల్చి చూస్తే నిజమేనని తేలి, 2009లో ఆ ఫొటో ప్రపంచానికి తెలిసింది. చక్కటి కోటు, దువ్విన జుట్టు, మూసుకున్న ఎడమ కన్ను, నిటారుగా పట్టుకున్న కడ్డీ. తాగి తిరిగే దిమ్మరి పోలికలు అందులో ఎక్కడా లేవు.

పుర్రె, కడ్డీ రెండూ ఇప్పుడు హార్వర్డ్ మెడికల్ స్కూల్‌కు చెందిన వారెన్ అనాటమికల్ మ్యూజియంలో ఉన్నాయి. గేజ్ బతికుండగానే 1850లో కడ్డీ మీద చెక్కించిన రాతలు ఇంకా కనిపిస్తాయి. అందులో ప్రమాదం తేదీ సెప్టెంబర్ 14 అని ఒకరోజు తప్పుపడింది. ఆయన పేరు స్పెల్లింగ్ కూడా తేడాగా ఉంది. పూర్తిగా కోలుకున్నాడనే ముక్క మాత్రం స్పష్టంగా చెక్కి ఉంది.